మా చెరువు మన్ను

మా ముత్తాత ఈ పరగణాకు దేశ్‌ముఖు. సర్కారుకు ముట్టవలసిన శిస్తు ఆయన చేతుల మీదుగా పోయేది. మా తాత ఎల్లారెడ్డికీ నాగిరెడ్డిపేటకూ నడుమనున్న మా ఊరికి చెరువు కట్టించాడు. ఆయన గుర్రం మీద వస్తుంటే దారిలో ఉన్నవాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకునేవారు. మా నాయన తహసీలు కచేరీకి వెళితే కుర్చీ వేసేవారు. నేను అదే కచేరీలో ఖజానా కిటికీ ముందు నెలనెలా జీతం కోసం నిలబడ్డాను. ఎల్లారెడ్డి బడిలో డ్రాయింగ్ మాస్టరును. పేర్లు రాయను. మా వాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు. తక్కినవాళ్ళ పేర్లు కూడా అందుకే వదిలేస్తున్నాను.

ఈ మధ్య కొత్తగా డ్రాయింగ్ మాస్టర్లయిన పిల్లలు కొందరు నన్ను చూడవచ్చి, సర్వీసులో మరిచిపోలేని సంగతి ఏదైనా చెప్పమని అడిగారు. పెద్దవాళ్ళు మెచ్చుకున్న కథ ఏదో వస్తుందని వాళ్ళ ఆశ. నా దగ్గర ఉన్నది ఒక్క వేసవి. అది ఎట్లా ముగిసిందో తెలిసే చదవండి: బాగా ముగియలేదు.

నాయన నన్ను వకాలతు చదవమని హైదరాబాదు పంపాడు. మా వ్యాజ్యాలు మేమే వాదించుకోవచ్చని ఆయన ఆలోచన. నేను అక్కడ ఒక చిత్రకారుడి దగ్గర కుంచె పట్టడం నేర్చుకుని తిరిగి వచ్చాను. మొదట్లో బాగానే వేసేవాణ్ణి. చుట్టుపక్కల దొరల గడీలలో పటాలు నేను వేసినవే ఉండేవి. తరువాత ఏమైందో చెప్పలేను. ఎవరి పటం వేసినా మా నాయన మొహమే వచ్చేది. పైకి లేచిన గడ్డం, ఎదుటివాణ్ణి చూడని కళ్ళు. ఒక దొరగారు తన పటం చూసుకుని, "ఇది మీ ఇంట్లనే పెట్టుకోండ్రి" అని బండిలో తిప్పి పంపించారు. ఆ తరువాత నన్ను ఎవరూ అడగలేదు. నేనూ వేయలేదు. బడిలో నల్లబల్ల మీద చెంబు, మామిడికాయ, తాళంచెవి గీసేవాణ్ణి. పిల్లలు వాటిని చూసి గీసేవారు. ఏళ్ళు అట్లా గడిచాయి. ఒకనాడు ఇంట్లో రంగుల పెట్టె తెరిస్తే కుంచెల కుచ్చులను పురుగులు తినేసి ఉన్నాయి. పెట్టె మళ్ళీ మూసేశాను. నాకు దుఃఖం కూడా రాలేదు.

ఐరోపాలో యుద్ధం మొదలైన కొత్తలో, చిన్న తరగతుల పిల్లలకు మట్టిపని నేర్పాలని హుకుం వచ్చింది. డ్రాయింగ్ మాస్టర్లు వేసవి సెలవుల్లో కామారెడ్డి వెళ్ళి, అక్కడి కార్ఖానాలో ఆ పని నేర్చుకుని రావాలి. దేశ్‌ముఖుల ఇంటివాడు కుమ్మరి సారె ముందు కూర్చోవడం! రానని రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. నౌకరీ చేసేవాడికి రానని రాసే వీలు ఉండదు.

కార్ఖానా రైలు స్టేషను వెనుక ఒక పాత బెల్లం గిడ్డంగిలో ఉండేది. ఎండ ముదిరితే గోడల్లోంచి ఇంకా బెల్లం వాసన వచ్చేది. ఊరగాయ జాడీలు, ఇంటి పెంకులు చేసేవారు. కాల్చడానికి పల్లెల్లో వేసే కుమ్మరి ఆము కాక, బొగ్గుతో మండే ఇటుకల బట్టీ ఉండేది. మేనేజరు హైదరాబాదు మనిషి, మెత్తనివాడు, ఎప్పుడూ ఏదో ఒకటి మూతపడుతుందని భయపడుతూ ఉండేవాడు. పని నేర్పేది ఒక కుమ్మరి. అందరూ ఉస్తాదు అనేవారు. ఈ జిల్లాలో ఖాకీ కోటు తొడిగిన మొదటి కుమ్మరి తానేనని ప్రతి కొత్తవాడికీ చెప్పేవాడు. నడివేసవిలో కూడా ఆ కోటు విప్పడు.

మొదటి రోజే అతనికీ నాకూ పడలేదు.

"దొరా, బూట్లిడువుండ్రి. మట్టి తొక్కాలె."

"తొక్కనీకి కూలోళ్ళు లేరా?"

"ఉన్నరు. నేర్సుకోనీకి వచ్చింది కూలోళ్ళు గాదు గదా దొరా, మీరు."

తక్కిన మాస్టర్లు అటు తిరిగి నవ్వారు. నేను బూట్లతోనే తొక్కుతానన్నాను.

"గట్లనే కానీండ్రి. బూటు ఇర్కితె మాత్రం నన్ను పీకమనొద్దు."

బూటు ఇరుక్కుంది. అతనే పీకాడు. పీకి, కడిగి, ఆరుతున్న జాడీల వరసలో ఎండకు పెట్టి, "రేపటికి ఎండుతయి, ఎల్లుండి బట్టీల పెడ్దాం" అన్నాడు. ఆ తరువాత నా వంతు మట్టి కూలివాడే తొక్కాడు. సారె మీద నేను చేసిన ప్రతి కుండా ఒక పక్కకు ఒరిగేది. సాయంత్రం వాటిని మళ్ళీ ముద్ద చేసేవారు. ఒకరి తప్పును అంత సులువుగా ముద్ద చేయగల పనిని నేను అంతకు ముందు చూడలేదు. అయినా నాకు దాని మీద ప్రేమ పుట్టలేదు.

ఉస్తాదు అక్క అక్కడే పనిచేసేది. అందరికీ అవ్వ. పచ్చి జాడీ లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి గోడ పలచన చేసేది. మా పక్క పల్లెకు కోడలుగా వచ్చి, పెనిమిటి పోయాక తమ్ముడి పంచకు చేరింది. నేను ఎవరింటివాణ్ణో ఆమెకు తెలుసు. నేను పక్కనుంచి వెళితే చాలు, చెక్క కింద పెట్టి లేచి నిలబడేది. ఉస్తాదు కసిరేవాడు: "అక్కా, నువ్వు లేసినప్పుడల్ల జాడీ సొట్టవోతున్నది. దొరకు దండం కూసోనే పెట్టు!"

ఒక మధ్యాహ్నం అందరూ నీడకు ఒరిగిన వేళ ఆమె తడిమట్టి తట్ట నెత్తికెత్తుకుని లేచింది. ఒక చెయ్యి మోకాలి మీద. తట్ట ఉంది కనుక మెడ కదలదు. నడుము కింది నుంచి బలమంతా మోకాలిలోకి తోసి లేవాలి. ఆ లేవడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కాని గడీ మేడ మీద నుంచి చూశాను. పైనుంచి చూస్తే తట్టలే కనబడతాయి, మోకాళ్ళు కనబడవు. నా ముందు పలకలా పరిచిన మట్టి ఉంది. బొటనవేలితో ఆ మట్టిలో మోకాలిని నెట్టాను. తరువాత నడుము. మెడ. గీత గీసినట్టు కాదు. వెనుక ఎవరో ఉన్నట్టు, నేను దారి తీస్తే ముందుకు వచ్చినట్టు. వేలు తీసేసరికి పలక మీద ఒక మనిషి లేస్తోంది.

అవ్వ వంగి చూసింది. "గిది నేనేనా దొరా? నా ముక్కు గింత లావుంటదా?"

"ముక్కు ఇంకా పెట్టలేదవ్వా."

"గదే అంటున్న. పెట్టకముందే గింతున్నది!"

నేను నవ్వాను. ఆ కార్ఖానాలో అదే మొదటిసారి. ఎన్నో ఏళ్ళ తరువాత ఒక మొహం మా నాయనది కాకుండా వచ్చింది.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. తిండి మీద ధ్యాస లేదు. వేళ్ళు ముందు నడిచేవి, నేను వెనుక నడిచేవాణ్ణి. పలకలన్నీ వరసగా ఒక్క కథ కావాలని తోచింది: మా చెరువు కట్టిన నాటి సంగతి. మా నాయనమ్మ చెప్పగా విన్నది. మన్ను తవ్వేవాళ్ళు, తట్టలు మోసేవాళ్ళు, చంకన పిల్లతో నీళ్ళు చల్లే ఆడది, కట్టను దిమ్మిసతో కొట్టేవాళ్ళు, చివర గుర్రం మీద మా తాత. మేనేజరు మొదటి పలకలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మాస్టర్ సాబ్, వానల మొదట్లో జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నారు. వారికి ఇవి నచ్చితే ఇక్కడ బొమ్మల పని కోసం వేరే శాఖ అడుగుతాను. దానికి మీరే పెద్ద. ఇగ మీరు ఎల్లారెడ్డి పోయి చెంబులు గీయనక్కరలేదు."

అది నాకు ఎంత కావాలో అతనికి తెలియదు. అప్పటికే నాయన చెరువు శిఖం, అంటే నీళ్ళు నిలిచే అడుగు భూమి, అమ్మడానికి మాట ఇచ్చాడు. అది మా పట్టాలోనే ఉండేది. పోచారం ఆనకట్ట నీళ్ళు వచ్చి కాలువ కింది ఊళ్ళు పచ్చబడ్డాయి. మా ఊరు ఎత్తున ఉంది, కాలువ రాలేదు, మా చెరువు పూడుతూ వచ్చింది. తక్కిన భూములు అంతకు ముందే పోయాయి. తాత పేరు చెప్పుకోవడానికి మిగిలింది ఆ చెరువే. నేను ఊరికి వెళ్ళి, వానలు పడేదాకా ఆగమని అడిగాను.

"కుండలు చేసి చెరువు నిలవెడ్తవారా?" అన్నాడు నాయన.

"కుండలు గావు. తాత చెరువు కట్టించింది, బొమ్మల్ల చేస్తున్న. మంచిగయితె పెద్ద నౌకరీ అయితది. అప్పుడు అమ్మే పని ఉండది."

ఆయన లేచి గడప దాకా వెళ్ళి ఆగాడు. తరువాత అన్నాడు: "గుర్రం సరిగ్గ చెయ్యి. అది కుడికాలు ముందటేసి నిలవడేది."

తిరిగి వచ్చేటప్పుడు బండి నిండా మా చెరువు మన్ను తెచ్చాను. ఎండిన అడుగు నుంచి తవ్వించినది. ఆ కట్ట కట్టినవాళ్ళను ఆ మన్నుతోనే చేయాలి, కార్ఖానాకు రోజూ వచ్చే కుంట మన్నుతో కాదు. మళ్ళీ మొదటి నుంచి చేద్దామని, అంతకు ముందు చేసినవన్నీ, అవ్వ పలకతో సహా, ముద్ద చేసేశాను. ఉస్తాదు ఒక గడ్డ విరిచి చూశాడు. నల్లగా, వెన్నలా ఉంది.

"మస్తు జిగురున్నది దొరా. నడుమ నడుమ తెల్లరాళ్ళున్నయి, గంతె. దంచి జల్లెడ వడితె అయిపాయె. నా బట్టీల రాయి గూడ కుండయితది!"

అవ్వ ఒక చిటికెడు నాలుక మీద వేసుకుంది. మన్ను మంచి చెడ్డలు వాళ్ళు అట్లానే చూస్తారు. పంటి కింద నలిపి, పక్కకు ఉమ్మి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఎట్లున్నదవ్వా?"

"దొరల చెరువు మన్ను దొరా. ఎట్లుంటది? మంచిగనే ఉంటది." అని తన జాడీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మన్నును నేనే తొక్కాను. ఎవరూ అడగకుండానే బూట్లు విప్పాను. మా మన్నును కూలివాడు తొక్కడం నాకు ఇష్టం లేకపోయింది. ఉస్తాదు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"సూసినవా అక్కా? దొరల కాళ్ళు ఒల్చిన ఉల్లిగడ్డలోలె ఎట్లున్నయో!"

"ఊకో తమ్మీ. ఎండ తగుల్తె అన్ని కాళ్ళు ఒక్క తీరె అయితయి."

చివరి పలక దగ్గర పని ఆగిపోయింది. గుర్రం వచ్చింది, కుడికాలు ముందుకు వేసి నిలబడింది. కళ్ళెం పట్టుకున్న మనిషి వచ్చాడు. దాని మీద తాత రాలేదు. ఎన్నిసార్లు చేసినా పటంలో మనిషిలాగా కూర్చునేవాడు. పక్కన తట్టలవాళ్ళు ఊపిరి పీలుస్తుంటే ఆయన ఒక్కడు పీల్చడు. ఒక ఉదయం ఆయనను తుడిచేశాను. ఖాళీ జీను మిగిలింది. వెంటనే పలకలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. నేను ఆ మొత్తంలో చేసిన మంచి పని అదేనని ఇప్పటికీ అనుకుంటాను. నాయనకు ఏం చెప్పాలో తరువాత చూసుకుందామనుకున్నాను.

బట్టీ తెరిచిన రోజు మేమందరం దాని నోటి ముందు గుమిగూడాం. ఒక్కటీ పగలలేదు. పండిన మిరపపండు రంగులో పలకలు ఒకదాని వెనుక ఒకటి బయటికి వచ్చాయి. ఉస్తాదు వేలి గణుపుతో కొట్టి చూశాడు.

"ఇనుండ్రి! గుళ్ళె గంట ఇట్ల మోగదు!"

అంటూనే తన ఖాకీ కోటు విప్పి నేల మీద పరిచి పలకలు దాని మీద పెట్టమన్నాడు, గీతలు పడకుండా. కోటు లేకుండా అతనిని మేమెవరమూ చూడలేదు. సన్నగా, భుజాల దగ్గర వంగిపోయి, నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు. మేనేజరు నన్ను అందరి ముందూ కౌగిలించుకున్నాడు. ఆ సాయంత్రం స్టేషనులో బండి కూత విన్నప్పుడు నాకు జీవితం మీద కోపం లేదు. పలకలను వరండా గోడకు వరసగా బిగించాం.

మృగశిర వాన ముందే పట్టింది. రెండు మూడు రోజులు కార్ఖానా అంతా చెమ్మ. అధికారి వచ్చే ఉదయం నేను కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని వచ్చేసరికి ఉస్తాదు బల్ల మీద నిలబడి గోడ మీది పలకలకు ఏదో పూస్తున్నాడు. కింద నేల మీద చేప పొలుసుల్లాంటి పెచ్చులు. ప్రతి పెచ్చు ఊడిన చోట బియ్యపు గింజంత తెల్లటి చుక్క. నేను చూస్తుండగానే దిమ్మిస పట్టినవాడి భుజం నుంచి ఒకటి 'టప్' మని ఎగిరిపడింది. పేలాలు వేగుతున్నట్టు.

"సున్నం దొరా," అన్నాడు ఉస్తాదు, నా వైపు తిరగకుండా. "మనం దంచి దంచి అంతట కలిపినం. బట్టీల కాలింది. ఇప్పుడు చెమ్మ తాగి ఉబ్బుతున్నది. ఎర్రమన్ను రాస్తున్న. దూరం నుంచి చూస్తె కనవడది."

మేనేజరు పలకలు దింపించేద్దామన్నాడు. అధికారికి జాడీలు చూపించి పంపిద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ దాచి ఎరుగరు.

అధికారి వచ్చాడు. తొందరలో ఉన్న మనిషే, కాని పలకల ముందు ఆగిపోయాడు. నిజంగా చూశాడు, మొక్కుబడిగా చూసే చూపు నాకు తెలుసు, అది కాదు. ఒక్కొక్కదాని ముందూ నిలబడుతూ ఖాళీ జీను దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి నడిచి, తట్టతో లేస్తున్న ఆడమనిషి వైపు వేలు చూపి, "ఈమె ఎవరు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా ఆమె మొహం ఊడి ఆయన బూటు పక్కన పడింది. ముక్కు విడిగా పడింది.

ఆయన వంగి ఆ ముక్క తీసి, వేళ్ళ మధ్య నలిపాడు. తెల్లటి పొడి రాలింది.

"ఈ మట్టి ఎక్కడిది?"

మేనేజరు నేల చూశాడు. ఉస్తాదు నోరు తెరిచాడు. తన మీద వేసుకోబోతున్నాడని నాకు అర్థమైంది.

"మాది," అన్నాను. "మా తాత కట్టించిన చెరువుది."

"అట్లాగా," అన్నాడు ఆయన, చాలా మర్యాదగా. జేబు రుమాలుతో వేళ్ళు తుడుచుకుని జాడీల గదిలోకి వెళ్ళాడు.

ఆ వారంలో పలకల మీది మనుషులు ఒక్కొక్కరుగా అందరూ రాలిపోయారు. గుర్రం కుడికాలు చివరి దాకా నిలిచింది. శాఖ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను పెచ్చులు ఏరుతుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. నన్ను చూసి లేవకుండా ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నీకు ముందే తెలుసా అవ్వా?"

"నాలికె మీద ఏసుకుంటె తెల్వదా దొరా."

"మరి చెప్పలేదేం?"

ఆమె ఒక పెచ్చు తీసి ఒళ్ళో వేసుకుంది. "మా మామ చెప్పిండు. మీ తాతకు. చెరువు కొత్తగ కట్టినప్పుడు గడీకి కుండలు మీ మన్నుతోనే చెయ్యమన్నరట. 'దొరా, గీ మన్ను కుండకు పనికిరాది, సున్నమున్నది' అన్నడట మా మామ. నా చెరువుకు వంక పెడ్తవా అని గడీ ముందట ఎండల వంగవెట్టి ఈపు మీద రాయి పెట్టిచ్చిండ్రట. పొద్దుగూకిందాక. గప్పటిసంది మా ఇంట్ల గా మన్ను గురించి ఎవ్వలు నోరిప్పరు. నాకు కాపురానికొచ్చిన నాడే చెప్పిండ్రు."

నేను ఆమె మాట నమ్మానని ఇక్కడ రాయడం లేదు. మా తాత గురించి మా ఇంట్లో విన్నది వేరు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను, అంతే. అయితే ఆ చెరువు కట్టినవాళ్ళ వరసలో గడీ ముందు వంగి నిలబడ్డ ఒక మనిషి నాకు కనబడ్డాడు. అతని నడుము, మోకాళ్ళు ఎట్లా ఉండేవో నా వేళ్ళకు తెలిసింది. ఆ పలక నేను చేయలేదు.

ఉస్తాదు మళ్ళీ కోటు తొడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. "ఇంకోపారి చేద్దాం దొరా. మా కుంట మన్ను తెప్పిస్త. గది మోసం చెయ్యది." సెలవులు ముగిసేలోగా ప్రయత్నించాను కూడా. మంచి మన్ను. చెప్పినట్టు విన్నది. తట్టలవాళ్ళు తట్టల్లాగా వచ్చారు. గుర్రం గుర్రంలాగా వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు. వెనుక ఎవరూ లేరు. ఉస్తాదు వాటిని చూసి, "మంచిగున్నయి దొరా" అన్నాడు. అతను అబద్ధం చెప్పింది నాకు తెలిసి అప్పుడే. నా అంతట నేనే వాటిని ముద్ద చేశాను. బడి తెరిచిన రోజు నల్లబల్ల మీద మామిడికాయ గీశాను.

యుద్ధం ముదిరి బొగ్గు దొరకక కార్ఖానా మూతపడింది. మేనేజరు భయపడుతూ వచ్చింది చివరకు జరిగింది. ఉస్తాదు, అవ్వ ఎటు వెళ్ళారో నేను విచారించలేదు. విచారించే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ ఏడు వానలు వెనుకబట్టాక ఊరికి వెళ్ళాను. నాయన అరుగు మీద ఉన్నాడు. బొమ్మల సంగతి కాని నౌకరీ సంగతి కాని అడగలేదు.

"గుర్రం ఎట్లొచ్చింది?"

"మంచిగనే వచ్చింది."

"కుడికాలు?"

"ముందటేసింది."

తల ఊపాడు. కొంతసేపటికి లోపలికి వెళ్ళి, కొనేవాళ్ళకు కబురు పెట్టమని చెప్పాడు.

ఆ చలికాలంలో చెరువు శిఖం అమ్ముడుపోయింది. కొన్నది కామారెడ్డి వర్తకుడు. ఆ తెల్లరాళ్ళు తవ్వించి, కట్ట పక్కనే సున్నపు బట్టీ పెట్టించాడు.